కాక్టస్ నారు ఇంట్లో పెంచడం ఎలా: గింజ నుంచి కుండీ దాకా

"కాక్టస్ గింజలు చల్లాను, మొలిచాయి, పది రోజుల్లో అన్నీ పోయాయి. ఎందుకు?" నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. దాని వెనకే ఇంకోటి వస్తుంది: "నెల దాటింది, ఒక్కటీ మొలవలేదు. గింజలే దొంగవా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కంటే అంతా ఒకచోట రాసేస్తే నయం అనిపించింది. నేను హైదరాబాద్‌లో మూడో అంతస్తు బాల్కనీలో, బోరు నీళ్లతో తంటాలు పడుతూ నేర్చుకున్న పద్ధతి ఇది. తోటలూ గ్రీన్‌హౌస్‌లూ అక్కర్లేదు.

కాక్టస్ అంటే మండుటెండలో నీళ్లు లేకుండా బతికే మొక్క అని మనకి మనసులో పడిపోయింది. అది పెరిగిన మొక్క సంగతి. ఆవగింజంత మొలకకి నీళ్లు దాచుకునే పొట్ట ఎక్కడిది? అమెరికాలోని సోనోరన్ ఎడారిలో నలభై అడుగులు పెరిగే సాగువారో కాక్టస్ కూడా చిన్నప్పుడు ఏదో చెట్టు నీడలోనో పొద మాటునో తలదాచుకునే పెరుగుతుంది. కాబట్టి మొదటి రెండు మూడు నెలలు మీ చేతిలో ఉన్నది కాక్టస్ అన్న సంగతి మర్చిపోండి. మిరప నారు అనుకోండి. తడి, నీడ, శుభ్రం. ఎక్కువమంది నారు పోగొట్టుకునేది ఈ మూడింట్లో ఏదో ఒకటి తప్పడం వల్లే.

ఎప్పుడు మొదలుపెట్టాలి

మొలక రావడానికి 20 నుంచి 30 డిగ్రీల వేడి సరిపోతుంది. 35 దాటితే చాలా రకాలు మొలవడానికి మొండికేస్తాయి. మన దగ్గర రెండు అదనులున్నాయి. ఒకటి ఫిబ్రవరి, మార్చి. రెండోది సెప్టెంబరు చివర నుంచి నవంబరు మధ్య దాకా. నా ఓటు రెండోదానికే. దసరా సెలవుల్లో గింజ వేస్తే మళ్లీ ఎండలు ముదిరేసరికి మొలకకి ఐదారు నెలలు నిండుతాయి, ముళ్లు వస్తాయి, వేరు దిగుతుంది. మార్చిలో వేసిన నారు పసిగుడ్డుగా ఉన్నప్పుడే ఏప్రిల్ వచ్చి పడుతుంది. తెలంగాణలో డిసెంబరు రాత్రులు చల్లబడితే డబ్బాలు ఇంట్లోకి తెచ్చుకోండి. కోస్తాలో ఆ బెడద పెద్దగా ఉండదు.

కావలసినవి

- గింజలు (ఎక్కడివో కింద చెప్తాను)
- మూతున్న పారదర్శక ప్లాస్టిక్ డబ్బాలు. స్వీట్ షాపువాళ్లు అరకిలో మిఠాయి పెట్టిచ్చేవి భేషుగ్గా ఉంటాయి. బిర్యానీ పార్సిల్ డబ్బాలైతే నూనె జిడ్డు పోయేదాకా వేడినీళ్లతో కడగాలి.
- అందులో పట్టే చిన్న కప్పులు, అడుగున చిల్లులతో. రెండంగుళాల నర్సరీ కప్పులైనా, ఐస్‌క్రీమ్ కప్పులైనా సరే.
- గరుకు ఇసుక, పెర్లైట్ (తెల్లటి తేలికపాటి గుళికలు), కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు)
- సాఫ్ పొడి (బూజు తెగుళ్ల మందు) లేదా హైడ్రోజన్ పెరాక్సైడ్
- టూత్‌పిక్కులు, స్ప్రే సీసా, పట్టకారు
- పెన్సిలు, పేరు రాయడానికి ప్లాస్టిక్ ముక్కలు. మార్కరుతో రాస్తే ఎండకి ఆర్నెల్లలో వెలిసిపోతుంది. పెన్సిలు రాత ఏళ్ల తరబడి ఉంటుంది. నా దగ్గర పేరు తెలియని మొక్కలు పదకొండు ఉన్నాయి, అన్నీ మార్కరు పుణ్యమే.

నీళ్ల గురించి ఒక జాగ్రత్త. బోరు నీళ్లలో ఉప్పదనం, సున్నం ఎక్కువైతే మట్టి మీద తెల్లగా పొక్కు కడుతుంది, మొలక ఎదుగుదల ఆగుతుంది. వాన నీళ్లు పట్టి పెట్టుకుంటే అంతకన్నా మంచిది లేదు. ఆర్వో నీళ్లు సరే. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పులుండవు కాబట్టి కాచి చల్లార్చి వాడుకోవచ్చు.

1. గింజలు సంపాదించడం

మొదటిసారి చేస్తున్నారా? డ్రాగన్ ఫ్రూట్ కొనండి. అదీ కాక్టసే. ఒక్క పండులో వేలల్లో గింజలుంటాయి, తాజాగా ఉంటాయి, సాధారణంగా వారం పది రోజుల్లో మొలుస్తాయి. చెయ్యి తిరగడానికి ఇంతకంటే చవకైన పాఠం లేదు. పండ్లు కాయించాలనుకుంటే మాత్రం గింజ దారి వద్దు, చాలా ఏళ్లు పడుతుంది. రైతులు కొమ్మ ముక్కలు నాటేది అందుకే.

రెండో దారి, మీ ఇంట్లోని మొక్క. మామిల్లేరియా అనే రకం కాక్టస్ చుట్టూ బుల్లి ఎర్ర మిరపకాయల్లాంటి కాయలు వస్తాయి చూశారా, వాటి నిండా గింజలే. అయితే చాలా కాక్టస్ రకాలు తమ పుప్పొడితో తాము కాయవు, అదే రకం ఇంకో మొక్క పక్కన పూయాలి. "నా మొక్క పూసింది, కాయలేదు" అంటే కారణం ఎక్కువగా అదే.

మూడోది ఆన్‌లైన్ ప్యాకెట్లు. నీలం, ఊదా, ఇంద్రధనుస్సు రంగుల కాక్టస్ అని బొమ్మ వేసి అమ్మేవి కొనకండి. అలాంటి మొక్కలు లేవు, బొమ్మకి రంగు వేశారంతే. నర్సరీల్లో ఎర్రటి, పసుపు బంతి ఆకుపచ్చ కాడ మీద కూర్చుని ఉంటుంది కదా, "మూన్ కాక్టస్" అంటారు, దాని గింజల పేరుతో కూడా మోసం జరుగుతోంది. ఆ ఎర్ర బంతిలో పత్రహరితం ఉండదు. కింద అంటు కట్టిన కాడే, చాలాసార్లు అది డ్రాగన్ ఫ్రూట్ జాతి కాడే, దానికి అన్నం పెడుతుంది. గింజ నుంచి అలాంటిది మొలిచినా ఒంటరిగా బతకదు. మంచి అమ్మకందారు జాతి పేరు, గింజల సంఖ్య, కోసిన సంవత్సరం రాస్తాడు. అవి లేని ప్యాకెట్ నేను ముట్టను.

మామిల్లేరియా, ఆస్ట్రోఫైటమ్, జిమ్నోకాలిసియం, గోల్డెన్ బారెల్: ఈ నాలుగూ మన వాతావరణంలో కొత్తవాళ్లకి అనువైనవి. మన చేల గట్ల మీద ఉండే నాగజెముడు నిజమైన కాక్టసే కానీ దాని గింజ పెంకు గట్టిది, నెలల తరబడి కదలదు. దానికి పట్ట విరిచి నాటుకోవడమే సుఖం. బొంతజెముడు అసలు కాక్టసే కాదు, గిల్లితే పాలు కారుతాయి, దాని సంగతి వేరు.

2. గింజలు శుభ్రం చేయడం

పండు నుంచి తీసిన గింజకి గుజ్జు అంటుకుని ఉంటే రెండు నష్టాలు. ఆ గుజ్జు మొలకని ఆపుతుంది, బూజుకి తిండి పెడుతుంది. చీమలు కూడా దానికోసమే వస్తాయి. రాత్రికి రాత్రి గింజలు మాయమయ్యాయంటే చీమలు మోసుకెళ్లాయని అర్థం.

గుజ్జుని టీ వడకట్టులో వేసి కుళాయి కింద వేలితో రుద్దండి. డ్రాగన్ ఫ్రూట్ జిగురు ఒక పట్టాన వదలదు, ఒక రోజు నీళ్లలో నానబెట్టి మళ్లీ రుద్దండి. తర్వాత స్టీలు పళ్లెంలో పరిచి నీడన ఆరబెట్టండి. టిష్యూ పేపరు మీద వద్దు, అతుక్కుపోయి ఒక్కోటీ గోటితో పీకాల్సి వస్తుంది.

విత్తే ముందు మందు స్నానం. సాఫ్ అయితే లీటరు నీళ్లకి 2 గ్రాములు, అందులో అరగంట. ముక్కుకి మాస్కు, చేతికి గ్లౌజులు తప్పనిసరి, వంటగది చెంచాతో కలపొద్దు. మందులు ఇష్టం లేనివాళ్లు 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో పది నిమిషాలు ఉంచి కడగండి. మెడికల్ షాపులో ఎక్కువగా 6 శాతం సీసా ఇస్తారు, లేబుల్ చూసి సమానంగా నీళ్లు కలుపుకోండి.

3. మట్టి కలపడం

ఇంటి పని జరిగే చోట దొరికే ఏటి ఇసుక చాలు. ముందు పిండి జల్లెడలో పట్టి కిందికి దిగిన సన్నం పారేయండి. పైన మిగిలిన గరుకే మనకి కావాలి, అందులో పెద్ద రాళ్లు ఏరేయండి. రోబో శాండ్ కూడా పనికొస్తుంది, కానీ దుమ్ము పోయేదాకా నాలుగైదుసార్లు కడగాలి, లేకపోతే తడిసి ఆరాక సిమెంటులా గట్టిపడుతుంది. సముద్రపు ఇసుక వద్దే వద్దు.

కొలత: గరుకు ఇసుక రెండు గిన్నెలు, పెర్లైట్ ఒకటి, కోకోపీట్ ఒకటి. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది, నీళ్లు రంగు దిగడం ఆగేదాకా నానబెట్టి పిండండి. పెర్లైట్ దొరక్కపోతే ఇటుక కొట్టి శనగ బద్దంత ముక్కలు చేసుకోండి, పొడి జల్లించేయండి.

పశువుల ఎరువు, వర్మీ కంపోస్టు ఈ దశలో వద్దు. "బలం ఉండాలి కదా" అని గుప్పెడు వేస్తారు, దాంతోపాటు బూజూ, నల్ల దోమల గుడ్లూ వస్తాయి. మొలకకి మొదటి నెల బలం అక్కర్లేదు.

4. మట్టిని ఆవిరి పట్టడం

ఎక్కువమంది ఎగ్గొట్టేది ఇదే, నారు పోయేదీ ఇక్కడే. మనం రెండు నెలలు మూత పెట్టి తడిగా ఉంచబోతున్నాం. కాక్టస్ గింజకి ఆ వెచ్చదనం ఎంత సుఖమో బూజుకీ అంతే సుఖం.

మట్టిని కొంచెం తడిపి పాత గిన్నెలో వేసి ఇడ్లీ పాత్రలో పెట్టి, ఆవిరి మొదలయ్యాక అరగంట ఉంచండి. మూత తీయకుండా రాత్రంతా చల్లారనివ్వండి. మొదటిసారి నేనిది చేసినప్పుడు మా అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇడ్లీ పాత్రలో మట్టి ఉడకేస్తున్నావా, ఇక ఇంట్లో ఇడ్లీ ఎవరు తింటారే?" అంది. మర్నాడే పాత సామాన్ల కొట్లో ఇంకో పాత్ర కొన్నాను. మీరు ముందే కొనుక్కోండి, ఇంట్లో శాంతి ఉంటుంది.

మైక్రోవేవ్ ఉంటే గాజు గిన్నెలో తడి మట్టి కిలో దాకా వేసి, మూత వదులుగా పెట్టి, పొగలు కక్కేదాకా ఐదారు నిమిషాలు తిప్పండి. రెండూ కుదరకపోతే కప్పుల్లో నింపాక మరిగే నీళ్లు రెండు మూడుసార్లు పోయండి. ఆవిరంత గట్టి పని కాదు, ఏమీ చేయకపోవడం కంటే చాలా నయం.

5. విత్తడం

ముందుగా ఫ్యాన్ ఆపండి. నవ్వకండి, మామిల్లేరియా గింజ ఒక మిల్లీమీటరు ఉంటుంది, పరోడియా గింజ అయితే ముక్కుపొడుం. ఒక్క తుమ్ముకి ఐదొందల రూపాయల గింజలు సోఫా కిందికి పోతాయి.

కప్పులు నింపి, అంచుకి ఒక సెంటీమీటరు తక్కువగా ఉంచి, పైన చదును చేయండి. గుంటలుంటే గింజలన్నీ ఒకచోటికి దొర్లుతాయి. తడి టూత్‌పిక్ కొనతో ఒక్కో గింజ ఎత్తి, అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు ఎడంగా పెట్టండి. ముక్కుపొడుం రకాలైతే చిటికెడు సన్న ఇసుకలో కలిపి, మడిచిన కాగితం మీద నుంచి తట్టుతూ చల్లండి.

గింజని కప్పకండి. కందులో పెసలో వేసిన చేతికి ఇది మింగుడు పడదు, పైన నాలుగు రేణువులైనా వేయాలనిపిస్తుంది. చాలా కాక్టస్ గింజలకి మొలవడానికి వెలుతురు కావాలి. ఆస్ట్రోఫైటమ్‌లా పెద్ద గింజలైతే పక్కల్లో పలచగా కంకర పొడి వేయొచ్చు, నెత్తి మీద వద్దు.

6. నీళ్లు తాగించి మూత పెట్టడం

పైనుంచి పోస్తే గింజలు కొట్టుకుపోతాయి. పళ్లెంలో రెండు సెంటీమీటర్ల నీళ్లు పోసి కప్పుల్ని అందులో ఉంచండి. ఆ నీళ్లలో లీటరుకి గ్రాము సాఫ్ కలపొచ్చు. మట్టి పైభాగం రంగు ముదిరిందంటే తడి పైకి చేరినట్టే, పావుగంట నుంచి అరగంట పడుతుంది. తీసి, అదనపు నీళ్లు కారిపోయేదాకా ఆగి, డబ్బాలో పెట్టి మూత బిగించండి. డబ్బా అడుగున నీళ్లు నిలవకూడదు. పేరు, తేదీ, గింజల సంఖ్య రాసి పక్కన గుచ్చండి. సంఖ్య రాయకపోతే ఎన్ని మొలిచాయో ఎలా తెలుస్తుంది?

డబ్బా లేకపోతే జిప్ ఉన్న కవరు సరే. కప్పు మీద ప్లాస్టిక్ కాగితం లాగి రబ్బరు బ్యాండు వేసినా సరే.

7. ఎక్కడ పెట్టాలి

వెలుతురు బాగా పడాలి, ఎండ పొడ తగలకూడదు. తూర్పు కిటికీ దగ్గర పలచటి తెర వెనక బాగుంటుంది. లేదా 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబు కింద, ఒక జానెడు దూరంలో, రోజుకి 12 నుంచి 14 గంటలు. ఊదారంగు గ్రో లైట్లు కొనక్కర్లేదు, ఇంట్లో వాడే తెల్ల లైటు చాలు.

మూసిన డబ్బాకి నేరుగా ఎండ తగిలితే అది కుక్కరు. ఒక మార్చిలో బాల్కనీ ఊడుస్తూ ఆస్ట్రోఫైటమ్ డబ్బాని పిట్టగోడ మీద పెట్టాను, ఫోనొస్తే లోపలికి వెళ్లాను. వచ్చేసరికి గంట కూడా కాలేదు. ముప్పై మొలకలు ఉడికిన బఠాణీల్లా మెత్తబడి ఉన్నాయి.

8. ఎదురుచూడటం, చూస్తూ ఉండటం

ఆస్ట్రోఫైటమ్ మూడో రోజుకే తల ఎత్తుతుంది. మామిల్లేరియా, జిమ్నోకాలిసియం ఐదు నుంచి పదిహేను రోజులు. కొన్ని నెలదాకా లాగుతాయి. మూత తీసి చూడాలని చెయ్యి గుంజుతుంది, తీయకండి. తీసిన ప్రతిసారీ తడి పోతుంది, గాల్లోని బూజు లోపలికి వస్తుంది. పారదర్శక డబ్బా ఎంచుకున్నదే పైనుంచి చూడ్డానికి.

తడి సరిపోయిందో లేదో మూత చెప్తుంది. పొద్దున సన్నగా ఆవిరి పట్టి, మధ్యాహ్నానికి కొంత తగ్గితే సరిగ్గా ఉన్నట్టు. బొట్లు కట్టి మొలకల మీద కారుతుంటే తడి ఎక్కువ, ఒక పూట మూత ఓరగా ఉంచండి. రోజంతా పొడిగా ఉంటే మళ్లీ అడుగు నుంచి నీళ్లు తాగించండి.

మొలక ఎలా ఉంటుంది? రెండాకులతో లేచే తోటకూర మొక్కలా ఉండదు. గింజ పెంకు టోపీలా పగిలి, కింద లేతాకుపచ్చ పూస ఒకటి బయటికి వస్తుంది. పూస నెత్తిన చిన్న చీలిక, రెండు బుల్లి కొమ్ముల్లా కనిపించేవే బీజదళాలు. డ్రాగన్ ఫ్రూట్‌కి మాత్రం ఆ రెండాకులు స్పష్టంగా విచ్చుకుంటాయి. మూడు నాలుగు వారాలకి రెండు కొమ్ముల మధ్య నుంచి తెల్లటి నూగు, అందులోంచి మొదటి ముళ్లు. భూతద్దం ఉంటే తప్పక చూడండి. ఆ వయసు ముల్లు గుచ్చుకోదు, పిల్లి మీసంలా మెత్తగా ఉంటుంది.

ఈ దశలో మీకు కంగారు పుట్టించేది ఒకటుంది. పూస అడుగున తెల్లటి నూగు గుబురుగా కనిపిస్తుంది. "బూజు పట్టింది" అని మందు కొట్టి, కెలికి, మొలకల్ని చంపుకున్నవాళ్లని చూశాను. చాలాసార్లు అది బూజు కాదు, వేరు మీది నూగు. తేడా ఇలా పట్టండి: వేరు నూగు మొలక మొదట్లోనే మఖ్మల్ గుడ్డలా పొట్టిగా, సమానంగా ఉంటుంది, పక్కకి పాకదు. బూజు సాలెగూడు పోగుల్లా మట్టి మీద పాకుతుంది, పక్క గింజని కూడా చుట్టేస్తుంది. ఇంకా అనుమానమా? ఒక్క తుంపర నీళ్లు కొట్టండి. వేరు నూగు అణిగి కనిపించకుండా పోతుంది.

మొలవని గింజకి బూజు పడితే భయం లేదు, చాలాసార్లు అది చచ్చిన గింజే. టూత్‌పిక్‌తో ఎత్తి పారేయండి.

వేరు మట్టిలో దిగక మొలక పక్కకి పడి ఉంటే, టూత్‌పిక్‌తో చిన్న గుంట చేసి వేరుని అందులోకి జార్చి, పక్కన రెండు ఇసుక రేణువులు ఆనించండి. నెత్తిన పెంకు ఊడకపోతే పీకొద్దు. తుంపర కొట్టి వదిలేస్తే మొలక ఉబ్బి అదే తోసేస్తుంది. నేను పీకిన పెంకుల్లో సగానికి తల కూడా ఊడొచ్చింది.

9. రంగు చూసి రోగం చెప్పడం

మొలక ఆకుపచ్చగా, గుండ్రంగా, పెసర గింజలా గట్టిగా కనిపిస్తే ఏమీ చేయకండి. చేయి పెట్టకపోవడం కూడా పనే.

ఎర్రగా, గోధుమ రంగుగా మారితే వెలుతురు ఎక్కువైంది. అడుగు దూరం జరపండి, వారం పది రోజుల్లో పచ్చదనం తిరిగొస్తుంది. సన్నగా, పొడుగ్గా, ఒక పక్కకి వాలితే వెలుతురు చాల్లేదు. సాగిన మెడ మళ్లీ పొట్టి కాదు, వెలుతురు పెంచి మెడ దాకా గరుకు ఇసుక పోసి ఆసరా ఇవ్వండి.

మొదలు దగ్గర నీరు పట్టినట్టు, అద్దంలా మెరుస్తూ మొలక వాలిపోతే అది నారుకుళ్లు. మిరప నారు పోసే రైతుకి బాగా తెలిసిన తెగులే. ఆగితే ఒక్క రాత్రిలో గుండ్రంగా పాకి కప్పంతా ఖాళీ చేస్తుంది. పోయిన మొలకలతో పాటు చుట్టూ ఒక వేలెడు మట్టిని చెంచాతో ఎత్తి పారేయండి, సాఫ్ నీళ్లు తుంపరగా కొట్టండి, ఆ కప్పుని మిగతావాటికి దూరంగా పెట్టి మూత ఓరగా ఉంచండి. అన్ని కప్పుల్నీ ఒకే డబ్బాలో పెట్టొద్దనేది ఇందుకే.

మట్టి మీద పచ్చటి పాకుడు కడితే తడీ వెలుతురూ రెండూ కాస్త ఎక్కువయ్యాయి. మొలకల మధ్య సన్న కంకర చల్లండి. నల్లటి బుల్లి దోమలు ఎగురుతుంటే అసలు నష్టం మట్టిలోని పురుగులది, అవి లేత వేళ్లు తినేస్తాయి. పసుపు జిగురు అట్టలు పెట్టండి, పైమట్టి ఆరనివ్వండి.

10. మూత తీయడం

కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు, ముళ్లు కనిపించాక. నిదానంగా పెరిగే రకాలకి మూడు నెలలు. ఒక్కసారిగా తీస్తే రెండు రోజుల్లో ముడుచుకుంటాయి. మొదటి నాలుగు రోజులు మూతకి సూదితో పది చిల్లులు. తర్వాత నాలుగు రోజులు మూత ఒక వేలెడు తెరిచి. తర్వాత రాత్రిళ్లు పూర్తిగా తీసి, పగలు ఓరగా. రెండు వారాలకి పూర్తిగా తీసేయండి. మధ్యలో మొలకలు ముడతలు పడితే ఒక మెట్టు వెనక్కి వెళ్లండి, టెన్షన్ అక్కర్లేదు.

ఇక్కడి నుంచి నీళ్లు మీ చేతిలో. "ఇక కాక్టసే కదా" అని నెలకోసారి పోసే అలవాటు మొదలుపెడితే వేరు ఎండిపోతుంది. మొదటి ఏడాది మట్టి పూర్తిగా, రోజుల తరబడి ఎండిపోకూడదు. అగ్గిపుల్ల అడుగుదాకా గుచ్చి తీయండి: మట్టి అంటుకుంటే ఆగండి, పొడిగా వస్తే అడుగు నుంచి తాగించండి. నాకు మామూలు రోజుల్లో నాలుగైదు రోజులకోసారి పడుతుంది. రెండో నెల దాటాక 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది) లీటరుకి అర గ్రాము, రెండు మూడు వారాలకోసారి. ఎక్కువ వేస్తే లావెక్కి పగులుతాయి.

ఎండ కూడా ఇలాగే మెట్లు మెట్లుగా. పొద్దున ఏడింటి ఎండ అరగంటతో మొదలుపెట్టి వారానికి అరగంట చొప్పున పెంచండి. ఏప్రిల్, మే నెలల్లో సగం ఎండ ఆపే షేడ్ నెట్ కింద, కాలే గోడకీ గచ్చుకీ ఎడంగా, బల్ల మీద పెట్టండి. నీళ్లు పొద్దు గుంకాకే. మిట్టమధ్యాహ్నం తడి మట్టి వేడెక్కితే వేరు ఉడుకుతుంది. వానాకాలంలో నేరుగా తడవనివ్వకండి, నత్తలూ అప్పుడే వస్తాయి. నా నారుకి ఒక ఏడాది ఉడతలు కూడా వచ్చాయి, గింజలు దాచుకోవడానికి కప్పులన్నీ తవ్వేశాయి. పాత దోమతెర కప్పాక మానుకున్నాయి.

11. కప్పు మార్చడం

మొలకలు ఒకదానికొకటి తగిలేటప్పుడు, లేదా శనగ గింజ కంటే పెద్దవయ్యాక. అంటే దసరాకి వేసినవి దాదాపు మళ్లీ దసరాకి. తొందరపడొద్దు, కాక్టస్ పిల్లలు గుంపులోనే బాగా పెరుగుతాయి. పెద్ద కుండీలో ఒంటరిగా నాటితే చుట్టూ తడి ఆరక కుళ్లుతాయి.

నాలుగు రోజులు నీళ్లు ఆపి, కప్పుని బోర్లించి తట్టి, మట్టి ముద్దని వేళ్లతో మెల్లగా విడదీయండి. వేళ్లు తెల్లగా, గుబురుగా ఉంటే మీ పని బాగున్నట్టు. గోధుమ రంగు వేళ్లు మెత్తగా తెగుతుంటే నీళ్లు ఎక్కువ పోశారు, కుళ్లిన భాగం కత్తిరించి వారం నీడన ఆరబెట్టండి. వేళ్ల మధ్య తెల్ల పిండిలా ఉంటే పిండినల్లి, మట్టంతా కడిగేసి కొత్త మట్టిలో పెట్టండి.

రెండంగుళాల కప్పులో, ఈసారి పైన చెప్పిన మట్టి మిశ్రమానికే గుప్పెడు బాగా మాగిన ఎరువు కలిపి, ముందు ఉన్న లోతులోనే నాటండి. పొడి మట్టిలో నాటి, రెండు మూడు రోజుల తర్వాతే నీళ్లు ఇవ్వండి. వేళ్లకి తగిలిన గాయాలు ఆరడానికి ఆ వ్యవధి.

మొక్క పెరుగుతోందా లేదా అని తెలియక చాలామంది విసిగిపోతారు. నెలకోసారి రూపాయి బిళ్ల పక్కన పెట్టి ఫొటో తీయండి. రోజూ చూసే కంటికి తెలియని తేడా ఫొటోలో తెలుస్తుంది. అమెరికాలోని సాగువారో నేషనల్ పార్కులో ఆ మొక్క మొదటి ఎనిమిదేళ్లలో అంగుళం, అంగుళంన్నర పెరుగుతుందట. దాంతో పోలిస్తే మన బాల్కనీ నారు పరుగెడుతున్నట్టే.

పూలెప్పుడు అంటారా? మామిల్లేరియా, జిమ్నోకాలిసియం బాగా చూసుకుంటే మూడు నాలుగేళ్లకి. గోల్డెన్ బారెల్ పూలు చూడాలని మాత్రం గింజ వేయకండి, దాని ముళ్ల కోసం వేయండి. మిగిలిన గింజలు కాగితంలో చుట్టి, మూత గట్టిగా ఉన్న సీసాలో, ఫ్రిజ్ తలుపు అరలో పెట్టండి. సీసా మీద పేరు పెన్సిలుతో రాసిన కాగితం అతికించండి. లేకపోతే వచ్చే దసరాకి అవి ఆవాలనుకుని ఎవరో ఒకరు పోపులో వేస్తారు.